వంద డాలర్ల జరిమానా, జీవితాంతం నిషేధం: అమెరికాలో పాత మిస్‌డిమీనర్ కేసులూ తుపాకీ లైసెన్సులూ

1968లో మేరీలాండ్ రాష్ట్ర రాజధాని అన్నాపొలిస్‌లో, నౌకాదళంలో పనిచేస్తున్న 20 ఏళ్ల యువకుడొకడు వీధి కొట్లాటలో ఎదుటివాడి మీద చెయ్యి చేసుకున్నాడు. కోర్టు అతణ్ణి దాడి నేరం కింద దోషిగా తేల్చింది కానీ జైలుకు పంపలేదు; 100 డాలర్ల జరిమానా కట్టించుకుని వదిలేసింది. ఆ తరువాత అతడు వియత్నాంలో పనిచేశాడు, నౌకాదళం నుంచి గౌరవంగా విడుదలయ్యాడు, అందరిలాగే బతికాడు. ఇంచుమించు 40 ఏళ్లు గడిచాక తుపాకీ కొనబోతే ఫెడరల్ ప్రభుత్వపు నేపథ్య తనిఖీలో ఆ పాత కేసు బయటపడి కొనుగోలు ఆగిపోయింది. అతడు దావా వేశాడు. 2013లో వాషింగ్టన్‌లోని ఫెడరల్ అప్పీలు కోర్టు, ష్రేడర్ వర్సెస్ హోల్డర్ అనే ఆ కేసులో, ప్రభుత్వ వాదననే సమర్థించింది. 1968 నాటికి మేరీలాండ్‌లో సాధారణ దాడి నేరానికి చట్టంలో గరిష్ఠ శిక్ష అంటూ రాసిలేదు కాబట్టి, ఆ యువకుడికి సిద్ధాంతపరంగా రెండేళ్లకు మించిన జైలుశిక్ష కూడా పడి ఉండవచ్చునన్నదే ఆ తీర్పుకు ఆధారం.

పడిన శిక్ష ఎంత అన్నది కాక, పడే వీలున్న శిక్ష ఎంత అన్న ఈ లెక్క తెలియకుండా అమెరికాలో కన్సీల్డ్ క్యారీ లైసెన్సు గురించి, అంటే తుపాకీని దుస్తుల మాటున ధరించి బయట తిరగడానికి ఇచ్చే అనుమతి గురించి, మాట్లాడటం కుదరదు. “నాకు ఎప్పుడో ఒక మిస్‌డిమీనర్ (చిన్న నేరపు కేసు) ఉంది, లైసెన్సు వస్తుందా?” అని అడిగేవారు సాధారణంగా ఆ కేసులో తమకు ఏమైందో చెబుతారు: జైలుకు వెళ్లలేదనీ, ఆరు నెలల ప్రొబేషన్‌తో, అంటే జైలుకు బదులు కోర్టు పర్యవేక్షణలో గడిపే కాలంతో, పోయిందనీ, జరిమానా కట్టేశామనీ. దరఖాస్తును పరిశీలించే అధికారికి వాటికంటే ముందు కావలసింది ఏ రాష్ట్రంలో, ఏ సెక్షన్ కింద, ఏ తేదీన దోషిగా తేలారన్నది, ఆ సెక్షన్ కింద జడ్జి అత్యధికంగా ఎన్నాళ్లు జైల్లో పెట్టగలిగేవాడన్నది.

మన దేశపు చట్టాలకు అలవాటుపడినవారికి ఇది కొంత వింతగా తోస్తుంది. భారత ఆయుధ చట్టం, 1959లోని 9వ సెక్షన్, హింసతోనో నైతిక పతనంతోనో ముడిపడిన నేరంలో జైలుశిక్ష పడినవారికి ఆ శిక్ష ముగిసిన తరువాత అయిదేళ్లపాటు ఆయుధం పొందే అర్హత లేదంటుంది. అక్కడ చూసేది నిజంగా విధించిన శిక్షను. ఫెలనీ, మిస్‌డిమీనర్ అన్న విభజన కూడా మన చట్టాల్లో లేదు. కాగ్నిజబుల్, నాన్ కాగ్నిజబుల్ అన్న విభజన పోలీసుల అరెస్టు అధికారానికి సంబంధించినదే తప్ప నేరం ఎంత పెద్దదో చెప్పేది కాదు. అమెరికాలో స్థూలంగా ఏడాదికి మించి జైలుశిక్ష పడే వీలున్నది ఫెలనీ, ఏడాది లోపుది మిస్‌డిమీనర్. ఆ “స్థూలంగా” అన్న మాటలోనే చిక్కంతా ఉంది, ఎందుకంటే 50 రాష్ట్రాలూ ఈ గీతను తమకు తోచిన చోట గీసుకున్నాయి.

లైసెన్సు కోరే వ్యక్తి రెండు ద్వారాలు దాటాలి. మొదటిది ఫెడరల్ చట్టం. అది అసలు తుపాకీ ముట్టుకునే హక్కు ఉందా లేదా అని అడుగుతుంది. రెండవది రాష్ట్ర చట్టం. తుపాకీ కలిగి ఉండవచ్చునన్న వ్యక్తికి దాన్ని నడుముకు కట్టుకుని బజారుకు వెళ్లే అర్హత ఉందా అని అది విడిగా అడుగుతుంది. మొదటి ద్వారం మూసుకుంటే రెండవదానితో పనే లేదు. మొదటిది తెరుచుకున్నంత మాత్రాన రెండవది తెరుచుకుంటుందన్న భరోసా కూడా లేదు.

ఫెడరల్ ద్వారానికి మూలం 1968 నాటి గన్ కంట్రోల్ యాక్ట్. ఏడాదికి మించిన జైలుశిక్ష పడే వీలున్న ఏ నేరంలో దోషిగా తేలినా ఆ వ్యక్తి తుపాకీ గాని, తూటాలు గాని కలిగి ఉండరాదని ఆ చట్టం చెబుతుంది. దీనికి ఒక మినహాయింపు ఉంది: రాష్ట్రం తన చట్టంలో మిస్‌డిమీనర్ అని పేరు పెట్టి, గరిష్ఠ శిక్ష రెండేళ్లు లేదా అంతకు తక్కువ ఉంచిన నేరం ఈ నిషేధం కిందికి రాదు. కాబట్టి మామూలు మిస్‌డిమీనర్లలో ఎక్కువ భాగం ఈ ద్వారం దగ్గర ఆగవు. టెక్సస్‌లో అన్నిటికంటే పెద్దదైన క్లాస్ ఎ మిస్‌డిమీనర్‌కు కూడా గరిష్ఠ శిక్ష ఒక ఏడాదే. అయితే తూర్పు తీరపు పాత రాష్ట్రాలు కొన్ని పెద్ద శిక్షలున్న నేరాలను కూడా మిస్‌డిమీనర్ అనే పిలుస్తాయి. నేటి మేరీలాండ్ చట్టంలో రెండవ డిగ్రీ దాడి మిస్‌డిమీనరే, దాని గరిష్ఠ శిక్ష మాత్రం పదేళ్లు. పెన్సిల్వేనియాలో మొదటి డిగ్రీ మిస్‌డిమీనర్‌కు అయిదేళ్ల వరకు పడవచ్చు. మసాచుసెట్స్‌లో తాగి కారు నడిపి మొదటిసారి పట్టుబడినా గరిష్ఠ శిక్ష రెండున్నరేళ్లు. అంటే ఫెడరల్ చట్టపు రెండేళ్ల గీతకు ఆరు నెలలు ఆవల. పొరుగు రాష్ట్రంలో అదే పని చేసిన వ్యక్తికి తుపాకీ హక్కు చెక్కుచెదరకపోవచ్చు, బోస్టన్‌లో చేసిన వ్యక్తికి అది జీవితాంతం పోవచ్చు. రెండు కేసుల్లోనూ నిజంగా పడిన శిక్ష ఒక్కటే అయినా సరే.

తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉన్న న్యూజెర్సీ సంగతి మరో రకం. ఆ రాష్ట్రపు చట్టంలో మిస్‌డిమీనర్ అన్న వర్గమే లేదు. పెద్దవాటిని “క్రైమ్” అనీ, ఆరు నెలల లోపు శిక్షకు వచ్చే చిన్నవాటిని “డిసార్డర్లీ పర్సన్స్ అఫెన్స్” అనీ అంటారు. దుకాణంలో సరుకు దొంగిలించిన కేసునే తీసుకుంటే, సరుకు విలువ 200 డాలర్ల లోపు ఉంటే అది రెండవ వర్గం. 200 నుంచి 500 డాలర్ల మధ్య ఉంటే నాలుగవ డిగ్రీ క్రైమ్, దానికి 18 నెలల వరకు శిక్ష పడవచ్చు. 18 నెలలు రెండేళ్లకు తక్కువే కదా అనిపిస్తుంది. కానీ రెండేళ్ల మినహాయింపు రాష్ట్రం మిస్‌డిమీనర్ అని పిలిచే నేరాలకే వర్తిస్తుంది, న్యూజెర్సీ అలా పిలవదు కాబట్టి ఆ మినహాయింపు ఇక్కడ అందదు. ఈ ప్రాంతంలో చదువుకునే రోజుల్లో ఇలాంటి కేసుల్లో ఇరుక్కున్నవారు తరువాత గ్రీన్‌కార్డు, పౌరసత్వం సంపాదించుకుని తుపాకీ లైసెన్సుకు దరఖాస్తు చేస్తే, చివరికి లెక్కకు వచ్చేది ఆనాటి బిల్లు మీది అంకె.

రెండేళ్ల గీతతో నిమిత్తం లేకుండా, ఎంత చిన్న శిక్ష పడే కేసైనా తుపాకీ హక్కును ఊడగొట్టే ఒక వర్గం ఉంది. అది గృహహింస. న్యూజెర్సీ సెనేటర్ ఫ్రాంక్ లాటెన్‌బర్గ్ పేరుతో పిలిచే 1996 నాటి సవరణ, గృహహింసకు సంబంధించిన మిస్‌డిమీనర్‌లో దోషిగా తేలిన ఎవరికైనా తుపాకీ నిషిద్ధమని చెప్పింది. చట్టం రాకముందు పడిన శిక్షలకు కూడా ఇది వర్తించింది. మిగతా నిషేధాల్లో పోలీసులకు, సైనికులకు విధి నిర్వహణ కోసం ఉన్న మినహాయింపును సైతం అమెరికా చట్టసభ కాంగ్రెస్ ఈ ఒక్కదాని నుంచి తొలగించింది. దాంతో భార్యను కొట్టిన పాత కేసున్న పోలీసు తన ఉద్యోగపు తుపాకీని కూడా వదులుకోవలసి వచ్చింది.

ఈ నిబంధన పరిధిని సుప్రీంకోర్టు ఒక్కో తీర్పుతో విస్తరిస్తూ వచ్చింది. రాష్ట్రం పెట్టిన సెక్షన్‌లో “గృహ” అన్న మాట ఉండనక్కరలేదనీ, మామూలు దాడి సెక్షనే అయినా బాధితురాలు భార్య అని రుజువైతే చాలుననీ 2009లో హేస్ కేసులో చెప్పింది. ఒళ్లు హూనమయ్యేలా కొట్టి ఉండాల్సిన పనిలేదనీ, నెట్టడం, గుంజడం వంటి స్వల్ప బలప్రయోగం కూడా సరిపోతుందనీ 2014లో కాసల్‌మన్ కేసులో చెప్పింది. కావాలని కాక తెగింపుతో, పర్యవసానం పట్టించుకోకుండా చేసిన దాడి కూడా ఇందులోకే వస్తుందని 2016లో వోయిసీన్ కేసులో తేల్చింది. ఈ మూడూ కలిపి చదివితే, కోర్టు కాగితం మీద ఒట్టి “సింపుల్ అసాల్ట్” అని ఉన్నంత మాత్రాన ఎవరూ ఊపిరి పీల్చుకోవడానికి లేదని అర్థమవుతుంది. దరఖాస్తు తనిఖీ చేసేవారు ఆనాటి పోలీసు నివేదికను తెప్పించుకుని, ఎదుటి మనిషి ఎవరో చూస్తారు.

ఎదుటి మనిషి ఎవరన్నదానికి ఫెడరల్ చట్టంలో ఒక నిర్దిష్టమైన జాబితా ఉంది: భార్య లేదా భర్త, మాజీలు, సంతానానికి ఉమ్మడి తల్లిదండ్రులైనవారు, దంపతుల్లా కలిసి ఉంటున్నవారు, సొంత పిల్లలు, సంరక్షణలో ఉన్నవారు. అన్నదమ్ములు అందులో లేరు. ఉమ్మడి కుటుంబపు అలవాటుతో ఆలోచించేవారికి ఇది విడ్డూరంగా ఉంటుంది కానీ, ఇంట్లో తమ్ముణ్ణి కొట్టిన కేసుకూ భార్యను నెట్టిన కేసుకూ ఫెడరల్ చట్టం దృష్టిలో హస్తిమశకాంతరం ఉంది. పెళ్లికాని ప్రేమ సంబంధాలు చాలాకాలం ఈ జాబితా బయటే ఉండేవి; 2022 జూన్‌లో వచ్చిన బైపార్టిసన్ సేఫర్ కమ్యూనిటీస్ యాక్ట్ వాటిని చేర్చింది. అయితే అలాంటి సంబంధంలో ఒకే ఒక్క కేసున్నవారు, మళ్లీ ఏ హింసా నేరంలోనూ దోషులు కాకుండా అయిదేళ్లు గడిపితే హక్కు తిరిగి వస్తుందని కూడా అదే చట్టం చెప్పింది. పెళ్లయినవారికి ఆ అయిదేళ్ల వెసులుబాటు లేదు. ఈ తేడాకు నేరపు తీవ్రత దృష్ట్యా సమర్థన కనిపించదు. చట్టసభలో ఓట్లు కూడగట్టుకునే బేరంలో పుట్టిన గీతలా కనిపిస్తుంది.

ఇక్కడే రాష్ట్ర చట్టాన్ని మాత్రమే చదివినవారు బోల్తాపడే గొయ్యి ఒకటుంది. టెక్సస్ శిక్షాస్మృతి ప్రకారం, కుటుంబ సభ్యుల మీద దాడి చేసి క్లాస్ ఎ మిస్‌డిమీనర్‌లో శిక్షపడిన వ్యక్తి, విడుదలైన నాటి నుంచి అయిదేళ్ల వరకు తుపాకీ కలిగి ఉండరాదు. అయిదేళ్లు దాటాక రాష్ట్ర చట్టానికి అభ్యంతరం లేదు. ఫెడరల్ నిషేధానికి మాత్రం ఆ గడువుతో సంబంధం లేదు. టెక్సస్ రాష్ట్ర చట్టాన్ని అక్షరాలా పాటిస్తూనే ఒక మనిషి ఫెడరల్ ఫెలనీ చేస్తూ ఉండవచ్చు. 2022 సవరణ తరువాత ఆ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు.

ఫెడరల్ ద్వారం దాటినవారికి ఎదురయ్యే రాష్ట్ర నిబంధనలు ఒక్కచోట కూర్చడానికి లొంగవు. వాటిలో టెక్సస్‌ను కాస్త నిదానంగా చూడటం మంచిది, ఆ చట్టంలోని వైరుధ్యమే ఈ విషయాన్ని అందరికంటే బాగా బోధిస్తుంది. అక్కడ “లైసెన్స్ టు క్యారీ” ఇచ్చేది డిపార్ట్‌మెంట్ ఆఫ్ పబ్లిక్ సేఫ్టీ. దరఖాస్తుకు ముందు అయిదేళ్లలో క్లాస్ ఎ, క్లాస్ బి మిస్‌డిమీనర్లలో దేనిలోనైనా, లేదా బహిరంగ ప్రదేశంలో అల్లరి కిందికి వచ్చే డిసార్డర్లీ కాండక్ట్‌లోనైనా దోషిగా తేలినవారికి లైసెన్సు రాదు. మొదటిసారి తాగి బండి నడిపినా అది కనీసం క్లాస్ బి. పదేళ్లలో మద్యం గాని, మాదక ద్రవ్యాలు గాని కారణంగా క్లాస్ బి లేదా అంతకు పెద్ద కేసులు రెండుంటే, ఆ వ్యక్తిని వ్యసనపరుడిగా లెక్కవేసి పక్కన పెడతారు. కేవలం జరిమానాతో పోయే క్లాస్ సి కేసులు, డిసార్డర్లీ కాండక్ట్ తప్ప, ఈ లెక్కలోకి రావు.

2021 సెప్టెంబరు 1 నుంచి అదే టెక్సస్‌లో 21 ఏళ్లు నిండినవారు లైసెన్సు లేకుండానే చేతి తుపాకీ ధరించి తిరగవచ్చు. దానికి అడ్డుపడే పాత మిస్‌డిమీనర్ల జాబితా చాలా చిన్నది: గాయపరిచిన దాడి, ప్రాణాపాయం కలిగించే ప్రవర్తన, భయపెట్టే బెదిరింపు, బహిరంగంగా తుపాకీ కాల్చడం లేదా జనం బెదిరేలా చూపడం, అవి కూడా గత అయిదేళ్లలో జరిగినవైతేనే. తాగి నడిపిన కేసు అందులో లేదు. కనుక రెండేళ్ల క్రితం అర్వింగ్‌లోనో ఫ్రిస్కోలోనో తాగి కారు నడిపి శిక్షపడిన వ్యక్తి లైసెన్సు అడిగితే రాష్ట్రం కాదంటుంది, అడగకుండా తుపాకీ పెట్టుకుని తిరిగితే, ఆ సమయంలో తాగి లేకపోతే, ఆపదు. అడిగినవాడికి లేదు, అడగనివాడికి ఉంది. రాజకీయంగా చూస్తే ఇది రెండు వేర్వేరు కాలాల్లో, రెండు వేర్వేరు మనస్తత్వాలతో చేసిన చట్టాలను పక్కపక్కన పెట్టడం వల్ల వచ్చిన ఫలితం. పాతదాన్ని కొత్తదానికి అనుగుణంగా ఎవరూ సరిచేయలేదు.

అలాగని లైసెన్సుకు విలువ లేకుండా పోలేదు. పాఠశాలకు 1,000 అడుగుల లోపు తుపాకీతో ఉండటాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. ఆ పాఠశాల ఉన్న రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది. ఒక మోస్తరు పట్టణంలో ఏ పాఠశాలకూ అంత దగ్గరగా వెళ్లకుండా కారులో ఊరు దాటడం కష్టం. లైసెన్సు లేకుండా ధరించే అవకాశం 2024 నాటికి 29 రాష్ట్రాలు ఇచ్చినా, పక్క రాష్ట్రానికి వెళితే అక్కడ చెల్లుబాటు కావడానికి లైసెన్సు కాగితం కావలసి వస్తుంది. న్యూయార్క్, న్యూజెర్సీ వంటివి ఆ కాగితాన్ని కూడా గుర్తించవు.

ఫ్లోరిడా 2023 జులై 1 నుంచి లైసెన్సు అవసరాన్ని తీసేసింది కానీ, టెక్సస్ చేసిన పొరపాటు చేయలేదు. అక్కడ లైసెన్సు లేకుండా ధరించేవారికి కూడా, శిక్షణ తప్ప, లైసెన్సుకు కావలసిన అర్హతలు ఉండాలి. మాదక ద్రవ్యాల కేసులో దోషిగా తేలితే మూడేళ్లు ఆగాలి. మూడేళ్లలో రెండుసార్లు తాగి నడిపి దోషిగా తేలితే తాగుబోతని చట్టమే అనుకుంటుంది. హింసతో కూడిన మిస్‌డిమీనర్ ఉన్నా మూడేళ్ల గడువు వర్తిస్తుంది.

పెన్సిల్వేనియాలో గడువు అన్న మాటే లేని నిబంధన ఒకటి ఉంది. ఆ రాష్ట్రపు మాదక ద్రవ్యాల చట్టం కింద ఏ నేరంలో దోషిగా తేలినా, 30 రోజులకు మించి శిక్ష పడని కొద్దిపాటి గంజాయి కేసైనా, లైసెన్సులిచ్చే స్థానిక అధికారి అయిన షెరీఫ్ తుపాకీ ధరించే లైసెన్సు ఇవ్వరాదు. అదే వ్యక్తి ఇంట్లో తుపాకీ ఉంచుకోవడానికి ఆ పాత కేసు దానంతట అది అడ్డు కాదు. రెండు ద్వారాలు వేర్వేరన్న మాటకు ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు. దీనికి తోడు, దరఖాస్తుదారు నడవడి, పేరు ప్రతిష్ఠలను బట్టి ప్రజా భద్రతకు ముప్పు అనుకుంటే నిరాకరించే వీలు కూడా అక్కడి షెరీఫ్‌కు ఉంది. అంటే ఏ జాబితాలోనూ లేని పాత కేసు కూడా ఒక్కోసారి లెక్కకు రావచ్చు.

ఈ విచక్షణాధికారం ఎంతవరకు చెల్లుతుందన్నది 2022 జూన్ 23 నాటి బ్రూయెన్ తీర్పు తరువాత పెద్ద వివాదమైంది. తుపాకీ ధరించడానికి ప్రత్యేకమైన “సరైన కారణం” చూపాలన్న న్యూయార్క్ నిబంధనను సుప్రీంకోర్టు 6-3 మెజారిటీతో కొట్టేసింది. కాలిఫోర్నియా, న్యూజెర్సీ, మేరీలాండ్, మసాచుసెట్స్, హవాయీల్లోని అలాంటి నిబంధనలకు కూడా దాంతో కాలం చెల్లింది. నేపథ్య తనిఖీ, శిక్షణ వంటి స్పష్టమైన ప్రమాణాలతో లైసెన్సు ఇచ్చే పద్ధతి మీద మాత్రం కోర్టు సందేహం వెలిబుచ్చలేదు. ఫలితంగా ఆ రాష్ట్రాల్లో “నీకెందుకు తుపాకీ?” అన్న ప్రశ్న పోయి, “నీ గతం ఏమిటి?” అన్న ప్రశ్న బరువెక్కింది. తీర్పు వచ్చిన కొద్ది రోజులకే న్యూయార్క్ కొత్త చట్టం చేసి, గత అయిదేళ్లలో మూడవ డిగ్రీ దాడి, మెనేసింగ్ అని పిలిచే బెదిరింపు, తాగి నడపడం అనే మూడు మిస్‌డిమీనర్లలో దేనిలో దోషిగా తేలినా ధరించే లైసెన్సు లేదని రాసుకుంది. దానితోపాటు “మంచి నడవడి” అన్న షరతును నిలబెట్టుకుంది. కాలిఫోర్నియాలో దాడి, బెదిరింపు, ఆయుధం చూపి భయపెట్టడం వంటి మిస్‌డిమీనర్ల పొడవైన జాబితాకు అంతకుముందు నుంచే పదేళ్ల నిషేధం ఉంది. జీవిత భాగస్వామిని గాయపరిచిన కేసులో 2019 జనవరి 1 తరువాత దోషిగా తేలితే అది జీవితాంతం.

కేసు “కొట్టివేయించుకున్నాం” అన్నవారిలో చాలామంది దేన్ని కొట్టివేయించుకున్నారో తెలుసుకోవలసి ఉంటుంది. రికార్డును పూర్తిగా రద్దు చేసే ఎక్స్‌పంజ్‌మెంట్‌ను, క్షమాభిక్షను ఫెడరల్ చట్టం గుర్తిస్తుంది, ఆ ఉత్తర్వులో తుపాకీ నిషేధం కొనసాగుతుందని రాసి లేకపోతే. కాలిఫోర్నియాలో ప్రొబేషన్ పూర్తిచేసినవారికి ఇచ్చే 1203.4 ఉత్తర్వులో సరిగ్గా అలాంటి మాటే చట్టం పెట్టింది: కేసు కొట్టివేసినా తుపాకీ కలిగి ఉండే హక్కు దానివల్ల రాదని. పెన్సిల్వేనియా క్లీన్ స్లేట్ చట్టం పాత రికార్డును అద్దె ఇంటి యజమానికీ, ఉద్యోగమిచ్చేవారికీ కనబడకుండా చేస్తుంది. పోలీసుల కళ్ల నుంచి దాచదు. టెక్సస్‌లో “డిఫర్డ్ అడ్జుడికేషన్”, అంటే నేర నిర్ధారణ వాయిదావేసి గడువు సజావుగా గడిచాక కేసు మూసేసే పద్ధతి, మామూలు భాషలో శిక్ష కాదు. లైసెన్సు చట్టంలో మాత్రం అది శిక్షతో సమానమని నిర్వచనంలోనే రాశారు.

ఫెడరల్ నిషేధం నుంచి విముక్తి కోరే దరఖాస్తు పద్ధతి ఒకటి చట్టంలో ఉన్నా, దాన్ని నడిపే సంస్థకు 1992 నుంచి కాంగ్రెస్ డబ్బు ఇవ్వకపోవడంతో అది కాగితానికే పరిమితమైంది. 2025 మార్చిలో న్యాయశాఖ ఆ అధికారాన్ని అటార్నీ జనరల్ చేతికి తెచ్చుకుంది. మరుసటి నెలలో హక్కులు తిరిగి పొందిన కొద్దిమందిలో హాలీవుడ్ నటుడు మెల్ గిబ్సన్ ఉన్నాడు. 2011లో గృహహింస మిస్‌డిమీనర్‌లో నో కాంటెస్ట్, అంటే నేరం ఒప్పుకోకుండానే ఆరోపణతో పోరాడనని, చెప్పిన కేసు అతడిది. పేరున్నవాడికి దొరికిన ఈ దారి పేరులేనివారికి ఎంత వెడల్పుగా తెరుచుకుంటుందన్న దాన్ని బట్టే దీని విలువ తేలుతుంది.

కోర్టుల్లో మరో దారి తెరుచుకుంటోంది. 1995లో పెన్సిల్వేనియాలో బ్రయాన్ రేంజ్ అనే వ్యక్తి ఫుడ్ స్టాంపుల (పేదలకు ప్రభుత్వమిచ్చే ఆహార సాయం) కోసం కుటుంబ ఆదాయాన్ని తక్కువ చేసి చూపిన నేరం ఒప్పుకున్నాడు. సొమ్ము 2,458 డాలర్లు, శిక్ష మూడేళ్ల ప్రొబేషన్. కానీ అది అయిదేళ్ల వరకు శిక్ష పడే మిస్‌డిమీనర్ కాబట్టి ఫెడరల్ నిషేధం పడింది. ఫిలడెల్ఫియాలోని మూడవ సర్క్యూట్ అప్పీలు కోర్టు 2023లో ఒకసారి, సుప్రీంకోర్టు పునఃపరిశీలనకు తిప్పి పంపాక 2024 డిసెంబరులో మరొకసారి, ఈ రేంజ్ కేసులో నిషేధం ఆ వ్యక్తి విషయంలో రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. మధ్యలో, 2024 జూన్‌లో, సుప్రీంకోర్టు రహీమీ కేసులో గృహహింస నిరోధక ఉత్తర్వు ఉన్నవారి నుంచి తుపాకీ తీసుకోవడం సబబేనని 8-1తో చెబుతూనే, మనిషి “బాధ్యతగలవాడు” కాదన్న ఒక్క కారణంతో హక్కు తీసేయవచ్చన్న ప్రభుత్వ వాదనను తోసిపుచ్చింది. ఇతర సర్క్యూట్‌లు, అంటే వేరే ప్రాంతాల ఫెడరల్ అప్పీలు కోర్టులు, కొన్ని రేంజ్ తీర్పు బాట పట్టలేదు. కాబట్టి అది మూడవ సర్క్యూట్ పరిధిలోని పెన్సిల్వేనియా, న్యూజెర్సీ, డెలవేర్‌లలో, అది కూడా దావా వేసి గెలిచినవారికి, పనికివచ్చే ఆయుధమే తప్ప లైసెన్సు కౌంటర్ దగ్గర చూపే కాగితం కాదు.

పౌరులు కానివారిలో చాలామందికి ఈ చర్చలో చాలా భాగం అనవసరం. హెచ్-1బి, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారికి, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్ప, పాత కేసు ఉన్నా లేకున్నా తుపాకీ కలిగి ఉండటమే ఫెడరల్ నేరం. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఆ అడ్డు లేదు. కానీ గృహహింస కేసులో శిక్షపడితే వారికి పోయేది తుపాకీ హక్కు ఒక్కటే కాదు, దేశం నుంచి పంపేసే చర్యలకు కూడా అది ఆధారమవుతుంది. నిషేధం ఉండగా తుపాకీ ఉంచుకుని దొరికితే ఆ శిక్ష మరో ఆధారం.

దరఖాస్తులో పాత కేసును దాచడం ఆ కేసుకంటే పెద్ద నేరంగా మారవచ్చు. తుపాకీ కొనేటప్పుడు నింపే 4473 ఫారం, ఏడాదికి మించి జైలుశిక్ష వేయగలిగిన నేరంలో ఎప్పుడైనా దోషిగా తేలారా, నిజంగా పడిన శిక్ష తక్కువైనా సరే, అని సూటిగా అడుగుతుంది. అబద్ధం చెబితే పదేళ్ల వరకు శిక్ష ఉంది. ఆ ఫారంలో మాదక ద్రవ్యాల ప్రశ్నకు అబద్ధపు జవాబు రాసినందుకు అప్పటి అధ్యక్షుడి కొడుకు హంటర్ బైడెన్ 2024 జూన్‌లో దోషిగా తేలాడు, డిసెంబరులో తండ్రి క్షమాభిక్షతో బయటపడ్డాడు. లైసెన్సు ఫారాలు చాలాచోట్ల అరెస్టుల గురించి కూడా అడుగుతాయి, వేలిముద్రలు తీసుకుంటాయి. ఏళ్ల కిందటి అరెస్టు కూడా వాటితో బయటపడవచ్చు. ముందుగా ఆ కోర్టు క్లర్కు దగ్గర నుంచి తుది తీర్పు ధ్రువప్రతిని తెప్పించుకుని, సెక్షన్ సంఖ్య చూసి, ఆ తేదీ నాటికి దాని గరిష్ఠ శిక్షను సరిచూసుకున్నాకనే ఫారం నింపడం తెలివైన పని.

అసలు నిర్ణయం దరఖాస్తు నాటికంటే చాలా ముందే, నేరం ఒప్పుకునే రోజున జరిగిపోతుంది. వలసవచ్చినవారికి నేరం ఒప్పుకుంటే దేశం విడిచి పోవలసిరావచ్చునని హెచ్చరించడం లాయరు బాధ్యతని సుప్రీంకోర్టు 2010లో పడిల్లా కేసులో చెప్పింది; తుపాకీ హక్కు గురించి అలాంటి మాట చెప్పలేదు. అందుకే హడావుడిగా, “జైలు లేదు, జరిమానాతో పోతుంది” అన్న ఊరటతో సంతకం పెట్టినవారు ఎందరో ఉంటారు. మసాచుసెట్స్‌లో మొదటిసారి తాగి నడిపి పట్టుబడినవారి ముందు సాధారణంగా రెండు దారులు ఉంటాయి. నేరం ఒప్పుకుంటే అది శిక్ష, రెండున్నరేళ్ల గరిష్ఠంతో జీవితకాలపు నిషేధం. “కంటిన్యూడ్ వితౌట్ ఎ ఫైండింగ్” అనే పద్ధతిలో, ఆధారాలున్నాయని అంగీకరించి తీర్పు లేకుండా ఏడాదిపాటు సజావుగా ఉంటే కేసు ముగుస్తుంది. అది నేర నిర్ధారణ కాదు కాబట్టి ఫెడరల్ నిషేధం అంటదు, ఊరి పోలీసు చీఫ్ లైసెన్సు ఇవ్వాలా వద్దా అని ఆలోచించే అవకాశమైనా మిగులుతుంది. రెండు దారుల్లోనూ కట్టే డబ్బు, హాజరయ్యే తరగతులు, కారు నడపలేని రోజులు దాదాపు ఒకటే.